ఎడమ సీట్లో కూర్చునే మనిషి కావాలి

కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా సగం ఎత్తులో మా కారు ఆగిపోయింది. పక్క సీట్లో మా అత్తగారు ఉన్నారు. గచ్చిబౌలిలో ఆమె మోకాళ్ళకు ఫిజియోథెరపీ చేయించి కూకట్‌పల్లిలోని మా ఇంటికి తీసుకొస్తున్నాను. ఆఫీసులు వదిలే వేళ కావడంతో వెనక బండ్లు బారులు తీరాయి, హారన్లు మొదలయ్యాయి. నేను తాళం తిప్పుతూనే ఉన్నాను. ఇంజిన్ అందుకోబోయి వదిలేస్తోంది. అత్తగారు మాత్రం అద్దం దించి తల బయటపెట్టారు.

"ఏంటయ్యా ఆ గోల? హారన్ కొడితే కదిలేదైతే మేమే కొట్టుకునేవాళ్ళం కదా!"

చివరికి ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి వెనకవాళ్ళను ఆపాడు. బైకుల మీద వెళ్ళేవాళ్ళు ఇద్దరు దిగి సాయం పట్టారు. కారును మెల్లగా వెనక్కి దొర్లించి సర్వీసు రోడ్డు మీదకు చేర్చాం. అక్కడ, చదునైన నేల మీద, తాళం తిప్పగానే అది ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానిస్టేబుల్ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఫ్లైఓవర్ జోలికి పోకుండా కింద రోడ్డు పట్టుకుని ఇల్లు చేరాం.

ఇంట్లో మా ఆయన అంతా విని, ముందు వాళ్ళమ్మ మోకాళ్ళు చూసి, తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకు వంద సార్లు చెప్పాను, ఎడమకాలు క్లచ్ మీంచి తియ్యమని. ఎత్తు ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్‌లోనే నడుపుతావు. క్లచ్ కాల్చి పారేశావు. ఇవాళ అమ్మ కూడా ఉంది బండిలో."

అసలు సంగతి ఆ ఆఖరి మాటే. భయపడ్డాడని నాకు తెలుసు. కానీ భయపడిన మనిషి ఆ భయాన్ని ఎదుటివాళ్ళ కాలి మీదకు నెట్టేస్తే ఎలా? నేను నోరు తెరిచేలోపు తాళం తీసుకెళ్ళి బీరువాలో చొక్కాల కింద పెట్టేశాడు. వాళ్ళ ఆఫీసులో ఒకాయన సెకండ్‌హ్యాండ్ కారు కోసం చాలా రోజులుగా వెతుకుతున్నాడట. ఆదివారం సాయంత్రం చూడ్డానికి రమ్మని ఆ రాత్రి భోజనం దగ్గరే ఫోన్ చేసి చెప్పాడు.

"అమ్మేద్దాం. క్యాబులున్నాయి కదా," అన్నాడు ఫోన్ పెట్టేసి.

ఉన్నాయి. ముందు ఫోన్ చేసి ఎక్కడికని అడిగి, చెప్పాక రద్దు చేసుకునే క్యాబులు బోలెడున్నాయి. కానీ నా బాధ క్యాబుల గురించి కాదు. నేను నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని. పెళ్ళి కాకముందు అన్నయ్య స్కూటర్ వెనక, పెళ్ళయ్యాక మా ఆయన బైకు వెనక, ఉద్యోగంలో చేరాక కంపెనీ బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని బతుకంతా ప్రయాణం చేశాను. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి నా చేత్తో నేను నడుపుకుంటూ వెళ్ళే ఆ కాసేపే రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం. ఆ తాళం పోతే మళ్ళీ ఎవరి వెనకో ఎక్కి వెళ్ళాలి. అది నాకు ఇష్టం లేదు. ఏ మాత్రం లేదు. ఆదివారం సాయంత్రంలోగా జబ్బేమిటో తేల్చి కారును నిలబెట్టుకుంటానని ఆ రాత్రి కంచం కడుగుతూనే నిర్ణయించుకున్నాను.

నేను డ్రైవింగ్ నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో నా వైపు మాట్లాడింది మా అత్తగారు ఒక్కరే. కారెక్కితే ముందు సీట్లో తప్ప కూర్చోరు. అడ్డం వచ్చిన ఆటోవాళ్ళందరినీ నా తరఫున ఆవిడే తిడతారు. నేను ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో మంగళవారం ఒకటి. ఆ రోజు పొద్దున్నే పూజ ముగించుకుని, మోకాళ్ళ నొప్పితోనే లిఫ్టులో సెల్లారుకు దిగి, బానెట్‌కు కుంకుమ బొట్టు పెట్టి, ముందు అద్దం కింద గుప్పెడు అక్షింతలు చల్లి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని వెళతారు. నేను మొదటిసారి ఒంటరిగా కారు తీసిన వారం నుంచి అదే ఆనవాయితీ. అసలు కారంటే మా ఇంట్లో నాకూ ఆవిడకూ మాత్రమే ముద్దు.

ఇక నా ఉద్యోగం సంగతి. సాఫ్ట్‌వేర్ పరీక్షించడం నా పని. ఎవరైనా వచ్చి "పనిచేయట్లేదు" అంటే, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తే పనిచేయట్లేదు అని ప్రాణం తీసేలా అడగడానికే నాకు జీతం ఇస్తారు. అందుకని కారును కూడా అలాగే అడిగాను. చదునులో ఆగదు. ఎత్తులోనే ఆగుతుంది. అంతకుముందు కూడా ఎత్తు ఎక్కేటప్పుడు కుదిపేది, నేను పెద్దగా పట్టించుకోలేదు. క్లచ్ అరిగితే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ఇది అరవలేదు. మాట్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి గొంతు పూడుకుపోయినట్టు చప్పుడు తగ్గిపోయి ఆగింది. ఈ తేడా మా ఆయనకు చెబితే, "అవన్నీ నీకు అనిపిస్తాయి," అన్నాడు.

సరే, ఎక్కడికి తీసుకెళ్ళాలి? మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అడగడం నా బుద్ధి తక్కువ. మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగితే పలకనివాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. కంపెనీ డీలరు దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళకండి, అసలైన పార్టులు వాళ్ళ దగ్గరే ఉంటాయని సగం మంది. డీలరు గడప తొక్కితే బాగున్నది కూడా మార్చేస్తారు, బయట మెకానిక్‌కే చూపించండని మిగతా సగం. మూడో అంతస్తు ఆయన మా ఇంటి తలుపు తట్టి మరీ ఒక మెకానిక్ నంబరు ఇచ్చాడు. మా ఆయనది మొదటి పార్టీ. అద్దాల గది, ఏసీ, తలకు టోపీ పెట్టుకున్న మనుషులు ఉంటే అతనికి నమ్మకం. "చూపించాలనుకుంటే కంపెనీవాళ్ళకే చూపించు, కొనేవాడికి కూడా చెప్పుకోవచ్చు," అని తాళం ఆ ఒక్క పూటకు ఇచ్చాడు.

ఇంటి నుంచి పనిచేసే రోజు చూసుకుని, ఎత్తులన్నీ తప్పించుకుంటూ డీలరు దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే బాగా చూసుకున్నారు. కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు. నా లాప్‌టాప్‌కు చార్జింగు పెట్టుకోవడానికి చోటు చూపించారు. సర్వీస్ అడ్వైజర్ చేతిలో ట్యాబ్ పట్టుకుని వచ్చి కంప్లయింట్ ఏమిటని అడిగాడు. నేను ఫ్లైఓవర్ దగ్గర మొదలుపెట్టి, చప్పుడు పడిపోవడం దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా విని అతను ట్యాబ్‌లో టైప్ చేసింది ఒక్కటే మాట, ఎత్తులో పికప్ లేదని. తర్వాత వాళ్ళ డ్రైవర్ కారు తీసుకుని వెళ్ళాడు. నా కాఫీ చల్లారకముందే తిరిగొచ్చాడు.

కాసేపటికి మా ఆయన ఫోన్ చేశాడు. "క్లచ్ మొత్తం మార్చాలంటున్నారు, విన్నావా?"

నేను వినలేదు. నాకెవరూ చెప్పలేదు. అడ్వైజర్ నా ముందు నుంచే రెండు సార్లు నడిచి వెళ్ళాడు, ఫోన్ మాత్రం మా ఆయనకు చేశాడు.

"సార్ నంబరే రిజిస్టర్ అయి ఉందండి మేడమ్. అప్రూవల్ సార్ దగ్గరే తీసుకోవాలి," అన్నాడు నేను నిలదీస్తే.

"నడిపేది నేను. చెప్పింది నేను. ఇక్కడ కూర్చున్నది నేను. మీ డ్రైవర్ ఏ ఎత్తు ఎక్కించి చూశాడు?"

"ముందు రోడ్డులో వేసి చూశాడండి. ఎత్తులో ప్రాబ్లం అంటే నైంటీ పర్సెంట్ క్లచ్చేనండి."

"అయితే మీరు రండి నాతో. నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి. ఫ్లైఓవర్ ఎక్కుదాం. చప్పుడు మీరే వినండి."

అతను నిజంగానే ఇబ్బంది పడ్డాడు. బండి ఒకసారి వాళ్ళ చేతికి వచ్చాక కస్టమర్‌తో నడిపించడం రూల్సులో లేదట, ఏదైనా అయితే తన ఉద్యోగానికే వస్తుందట. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. ఆ రూలు ఎందుకు పెట్టుకున్నారో కూడా నాకు అర్థమైంది. కానీ నా కారు జబ్బు ఎత్తులో ఉంది, వాళ్ళ రూలు చదునులో ఉంది. క్లచ్ వద్దని చెప్పి, కాఫీకి థాంక్స్ చెప్పి బయటికొచ్చాను.

సాయంత్రం మా ఆయన మొహంలో గెలుపు దాచుకోవాలని చూశాడు గానీ కుదరలేదు. "నేను చెప్పిందే వాళ్ళూ చెప్పారు. అమ్మే బండికి ఇప్పుడు క్లచ్ ఎందుకు? ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇచ్చేద్దాం," అన్నాడు. తాళం మళ్ళీ చొక్కాల కిందకు పోయింది.

ఆ వారమంతా నాకు కోపమే తిండి. ఆఫీసుకు క్యాబులో వెళుతూ, ముందు సీటు వెనక అంటించిన ప్రకటనలు చదువుతూ, డీలరా మెకానిక్కా అన్న ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను. అందరూ అడిగేది అసలు పార్టా నకిలీ పార్టా, గ్యారంటీ ఉందా లేదా అనే. వాటి వల్ల నాకేమీ తేలలేదు. జబ్బేదో తెలియకుండా పార్టు ఏ కంపెనీదైతేనేం? చివరికి ఒక్క షరతు పెట్టుకున్నాను. నేను నడుపుతుంటే ఎడమ సీట్లో కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కడానికి ఎవరొప్పుకుంటే వాళ్ళదే నా కారు. అద్దాల గదిలో ఉండనీ, రేకుల షెడ్డులో ఉండనీ, నాకనవసరం.

ఆదివారం పొద్దున మా ఆయన కూరగాయలకు రైతుబజారుకు వెళ్ళగానే అత్తగారు నా గదిలోకి వచ్చి పిడికిలి విప్పారు. తాళం. చొక్కాల వాసన వేస్తోంది.

"వాడొచ్చేలోగా వెళ్ళి తేల్చుకురా. ఏ మెకానిక్కో ఆ మూడో అంతస్తాయన చెప్పాడన్నావుగా," అన్నారు.

"అడిగితే ఏం చెబుతారు అత్తయ్యా?"

"ఇచ్చానని చెబుతాను. నేను కన్నవాడే కదా, నన్నేం చేస్తాడు?"

మెకానిక్ షెడ్డు హఫీజ్‌పేటలో, రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాకా తెరుస్తాడు. యాభై దాటిన మనిషి. షట్టరు మీద నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. అతను ఎవరి బానెట్‌లోనో నడుం దాకా దూరి ఉన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టి ఫ్లైఓవర్ అన్నానో లేదో, తల బయటికి తీయకుండానే తీర్పు చెప్పేశాడు.

"క్లచ్ పోయింది. ఇంక చూసుడేమున్నది? అన్న రాలేదా?"

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. అక్కడ సార్, ఇక్కడ అన్న. అద్దాల గదికీ రేకుల షెడ్డుకీ ఇంత చక్కగా కుదిరిన మాట ఇంకోటి ఉండదు.

"అన్న కూరగాయలకు పోయాడు. బండి నాది. క్లచ్ కాదని నేనంటున్నాను. మీరు ఫ్లైఓవర్ ఎక్కి చూడాలి."

అప్పుడు బానెట్‌లోంచి బయటికి వచ్చి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "సరే, తాళం ఇయ్యి. నేను నడిపి చూస్త. నువ్వు ఈడ కూసోని చాయ్ తాగు."

"నేనే నడుపుతాను. మీరు పక్కన కూర్చోండి."

"గట్లెట్లయితది అక్కా? ఇన్నేండ్ల సంది బండ్లు బాగ చేస్తున్న. పక్క సీట్ల ఎన్నడు కూసోలే. బండి నా చేతిల ఉంటెనే నాకు తెలుస్తది."

"మీ చేతిలో ఉంటే ఆగకపోవచ్చు. నా చేతిలో ఆగుతోంది. ఆగినప్పుడు మీరు వినాలి. కూర్చోనంటే చెప్పండి, ఇంకో షెడ్డుకు పోతాను."

తాళం పిడికిట్లో బిగించి నిలబడ్డాను. రోడ్డు అవతల చాయ్ తాగుతున్నవాళ్ళు కప్పులు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళ ముందు ఒక ఆడమనిషి నడిపే బండిలో ఎడమ పక్కన కూర్చోవడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో మొహం చూస్తే తెలుస్తోంది. నేను తగ్గలేదు. ఆయన ఆకాశం వంక చూసి, గట్టిగా ఊపిరి వదిలి, "ఇగ నడువు," అంటూ ఎడమ తలుపు తీశాడు.

ఆదివారం పొద్దున కొండాపూర్ రోడ్లు చూడాలి. వారమంతా ఇసుక వేస్తే రాలని చోట కుక్కలు నడిరోడ్డు మీద పడుకుని ఉంటాయి. ఆయన బెల్టు పెట్టుకుని, పైన ఉండే పిడిని ఒక చేత్తో పట్టుకుని, కుడికాలితో లేని బ్రేకును తొక్కుతూ కూర్చున్నాడు. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా "జర మెల్లగ" అంటూనే ఉన్నాడు. ఫ్లైఓవర్ మొదలైంది. మూడో గేరులో ఎక్కించాను. సగం ఎత్తుకు వెళ్ళామో లేదో కారు కుదిపింది, గొంతు పడిపోయింది. వెనక ఎవరూ లేరు. నేను బ్రేకు తొక్కి హజార్డ్ లైట్లు వేశాను. భయపడాల్సింది, కానీ నాకు సంతోషం వేసింది. ఆగినందుకు ఆ కారును ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆయన పిడి వదిలేశాడు. మొహం మారిపోయింది.

"ఎనుకకు దొర్లియ్యి. మళ్ల ఎక్కియ్యి."

మళ్ళీ ఎక్కించాను. ఈసారి చెవి డ్యాష్‌బోర్డుకు ఆనించి విన్నాడు. మళ్ళీ అదే చోట అదే కుదుపు.

"క్లచ్ గాదు," అన్నాడు. "కరెంటు పోతున్నది. ఏడనో వైరు తాకుతున్నది. నేను నడిపితే దొరకకుంటుండె అక్కా. నేనైతే ఎత్తు వచ్చిందంటె రెండో గేర్ల ఏస్త. నువ్వు మూడో గేర్లనే గుంజుతున్నవ్. ఇంజన్ వణుకుతున్నది, వైరు తాకుతున్నది. గట్ల నడుపుడు తప్పే. గని గా తప్పుతోనే దొరికింది."

తప్పేనని ఒప్పుకున్నాను. నా డ్రైవింగ్‌ను చూసి, విని, ఆ తర్వాత తప్పన్న మొదటి మనిషి ఆయనే. అలాంటి మాట పడడానికి నాకు అభ్యంతరం లేదు.

షెడ్డుకు తిరిగొచ్చాక మళ్ళీ పాత మెకానిక్ అయిపోయాడు. నన్ను పక్కకు జరగమని బానెట్ తీసి టార్చ్ వేశాడు. ఇంజిన్ వెనక మూల, చెయ్యి పట్టని చోట, ఒక వైరు మీద తొడుగు చాలా మేర కొరికేసి ఉంది. లోపలి రాగి మెరుస్తోంది. "ఎలుకలు," అన్నాడు. హైదరాబాద్‌లో సెల్లారులో కారు పెట్టేవాళ్ళెవరికీ ఇది కొత్త వార్త కాదు. కానీ మా సెల్లారులో ఇన్ని కార్లుండగా నా దాన్నే ఎందుకు ఎంచుకున్నాయి? ఆయన వైపర్ల కిందున్న ప్లాస్టిక్ జాలీ విప్పాడు. విప్పి, నన్ను చేత్తో పిలిచాడు.

"అక్కా, గివి అక్షింతలే గద?"

జాలీ కింద కాలువలాంటి చోట పసుపు బియ్యం పేరుకుని ఉంది. కొన్ని పాతబడి నల్లగా మారాయి, పైనున్నవి ఇంకా పచ్చగా ఉన్నాయి. మధ్యలో చీల్చిన స్పాంజి ముక్కలు, ఎలుకల పెంటికలు. వారం వారం అద్దం కింద చల్లిన గుప్పెడు గింజలు జాలీ కన్నాల్లోంచి జారి అక్కడే చేరుతున్నాయన్నమాట.

"మీ సెల్లార్ల ఎలుకలకు మంచిగ దావత్ నడుస్తున్నది," అని నవ్వాడు. కానీ ఆ గింజల్ని కింద పారేయలేదు. పేపరు పరిచి బ్రష్‌తో అందులోకి తోసి, పైనున్న నాలుగు శుభ్రమైన గింజల్ని కళ్ళకద్దుకున్నాడు. "దేవునియి. తొక్కుడు పడొద్దు," అని పొట్లం కట్టి నా చేతికిచ్చాడు.

వైరుకు టేపు చుట్టి పంపబోతే నేను ఒప్పుకోలేదు. గొణుక్కుంటూనే కొరికిన మేర కోసి కొత్త వైరు అతికి, పైన గట్టి తొడుగు వేశాడు. అయ్యాక, ఈసారి నేనడక్కుండానే వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాడు. రెండో గేరులో ఒకసారి, నా పాత అలవాటు ప్రకారం మూడో గేరులో ఒకసారి ఫ్లైఓవర్ ఎక్కాం. కారు ఒక్క మాట అనలేదు. నేను గట్టిగా నవ్వాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, తుడుచుకోలేదు.

కానీ ఇంటికి వస్తున్న దారంతా నా మనసు హ్యాండ్‌బ్యాగులోని పొట్లం మీదే ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెడితే చాలు, క్లచ్ మాట మా ఇంట్లో ఇంకెవరూ ఎత్తరు. కాకపోతే ఆ మాట నా కాలి మీంచి తీసి అత్తగారి చేతి మీద పెట్టినట్టవుతుంది. నాకోసం మాట్లాడిన మనిషి, నాకోసం తాళం తెచ్చిచ్చిన మనిషి. ఎలుకలని చెప్పి ఊరుకుందామా అనుకున్నాను. ఊరుకుంటే మంగళవారం మళ్ళీ గుప్పెడు గింజలు పడతాయి. మళ్ళీ ఏదో ఫ్లైఓవర్ మీద ఆగుతాం, పక్క సీట్లో ఆవిడే ఉంటారు. దాచడం ఆవిడకు మేలు చేసినట్టు కాదని కూకట్‌పల్లి చేరేలోపు తేల్చుకున్నాను.

ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పక్కన కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పి పొట్లం విప్పాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"నా అక్షింతలా?" అన్నారు. ఒక గింజ వేళ్ళతో తీసి చూసి, "నీకేం కాకూడదనే కదే వేశాను," అన్నారు.

"తెలుసు అత్తయ్యా. నాకు తెలుసు."

ఆవిడ ఏడుస్తారేమోనని నేను హడలిపోయాను. ఆవిడ ఏడవలేదు. ఒళ్ళోని చిక్కుడుకాయలు పళ్ళెంలో పోసి, గోడ పట్టుకుని లేచి, నేను ఆపేలోపే హాల్లోకి నడిచారు. మా ఆయన రైతుబజారు సంచీ పక్కన పెట్టుకుని, బీరువాలో కారు తాళం లేదని అప్పటికే తెలిసి, మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"సాయంత్రం వచ్చేవాణ్ణి రావద్దని చెప్పు," అన్నారు ఆవిడ.

"ఏంటమ్మా, అది చెప్పిందని నువ్వు కూడా..."

"బండి ఆగింది దాని కాలి వల్ల కాదు. నా చేతి వల్ల. ఇదిగో చూడు." పొట్లం అతని ముందు పెట్టారు. "తిట్టేదుంటే నన్ను తిట్టు."

అతను పొట్లం వంక, వాళ్ళమ్మ వంక, చివరికి నా వంక చూశాడు. "క్లచ్ కాదా?"

"కాదు."

"మరి డీలరు వాళ్ళు?"

"వాళ్ళు ఫ్లైఓవర్ ఎక్కలేదు. అక్కడ ఎవరి తప్పూ లేదు, వాళ్ళ రూలు అంతే."

వాళ్ళమ్మను తిట్టలేదు. నాకు క్షమాపణా చెప్పలేదు. ఫోన్ తీసి ఆ ఆఫీసాయనకు, "సారీ అండి, మా ఆవిడ ఇవ్వనంటోంది," అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను కల్పించుకోలేదు. ఆ సాయంత్రమే ఫోన్ మీద డీలరు రికార్డులో నా నంబరు ఎక్కించుకున్నాను. ఎయిర్‌బ్యాగుల్లాంటి వాటికి ఇప్పటికీ అక్కడికే వెళతాను. ఇప్పుడు ఫోన్ నాకే వస్తుంది. మిగతా వాటికి హఫీజ్‌పేట. అక్కడ నన్ను చూడగానే ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని ఎడమ తలుపు దగ్గరికి నడుస్తాడు, నడుస్తూ విసుక్కుంటాడు.

మంగళవారం పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే మా ఆయన కూడా చెప్పులేసుకున్నాడు. హైటెక్ సిటీ వైపు ఏదో పనుందన్నాడు. ఏం పనో నేనడగలేదు. గుమ్మం దగ్గర అత్తగారు నిలబడి ఉన్నారు, చేతిలో అక్షింతల పళ్ళెం. మళ్ళీ బానెట్ మీదకేననుకున్నాను. ఆవిడ లిఫ్టు వైపు కదల్లేదు.

"ఇటు రా," అన్నారు నన్ను. "బండికెందుకు వేశానో ఇన్నాళ్ళూ. ఇక్కడికైతే ఎలుకలు రావు."

నేను వంగాను. అలవాటు కొద్దీ మా ఆయన కూడా నా పక్కనే తల వంచాడు. ఆవిడ అతన్ని మోచేత్తో పక్కకు జరిపారు.

"నీకెందుకురా? నువ్వు ఎడమ సీట్లో కూర్చునేవాడివి. నడిపేది అది."

గుప్పెడూ నా నెత్తిన పోశారు.

ఫ్లైఓవర్ దగ్గర రెండో గేరు వేశాను. మా ఆయన పైనున్న పిడిని గట్టిగా పట్టుకుని, కుడికాలితో లేని బ్రేకును తొక్కుతున్నాడు. ఇంజిన్ చప్పుడు తగ్గకుండా పైకి సాగుతోంది. సగం ఎత్తులో నా జుట్టులోంచి ఒక పసుపు గింజ జారి ఒళ్ళో పడింది. అతను దాన్ని చూశాడు. నేను కారును పైకి ఎక్కించాను.